జెండా తాడు ఎవరి చేతికి ఇస్తావు?

చిరంజీవి మేనకోడలికి,
అత్త ఆశీస్సులు.

టెక్కలి దగ్గరి బడిలో చేరి నెల తిరగకముందే పంద్రాగస్టు ఏర్పాట్లన్నీ నీకు అప్పగించారట. నీకు కంగారుగా ఉందని మీ నాన్న ఫోనులో చెప్పాడు. కంగారు పడవలసిన పని కాదు తల్లీ. ముప్పై మూడేళ్ల ఉద్యోగంలో నేను అడిగి మరీ తీసుకున్న పని ఇదొక్కటే.

మొదట తాడు చూసుకో. ఒక ఏడాది మా బడిలో జెండా పైకి వెళ్లింది కానీ ముడి బిగుసుకుని విచ్చుకోలేదు. లాగినకొద్దీ ఇంకా బిగిసింది. రాత్రంతా వాన కురిసి ఇనుప స్తంభం జారుతోంది. ఏడో తరగతి పిల్లవాడు ఒకడు ఎవరూ చెప్పకుండానే దాని మీదికి ఎక్కబోయాడు. వాణ్ని పట్టుకుని దించినప్పుడు నా చేతులు వణికాయి. అప్పటి నుంచి పద్నాలుగో తేదీ సాయంత్రమే కప్పీకి నూనె పెట్టి, జెండా మడిచి ముడి వేసి లాగి చూసేవాళ్లం, ఒకటికి నాలుగుసార్లు. ఆ పని నువ్వు చేయకు, పిల్లల చేత చేయించు. కాషాయం పైకి రావాలని, గుడ్డ నేలకు తగలకూడదని నోటితో చెప్పి ఊరుకుంటే మరుసటి ఏటికి మరచిపోతారు. ఆగస్టు 15న జెండాను కింది నుంచి పైకి ఎగురవేస్తాం, జనవరి 26న పైన కట్టి ఉన్నదాన్ని విప్పుతాం. ఈ తేడా ఎందుకని వాళ్లే అడుగుతారు. పరాయి జెండా దిగి మన జెండా పైకి లేచిన రోజు కదా ఇది, అందుకని చెప్పు.

ఉపన్యాసాలు అరగంట దాటనివ్వకు. ఇందులో మొహమాటం పెట్టుకోవద్దు. ఆరింటికే ప్రభాతభేరికి వచ్చే పిల్లల్లో సగం మంది ఏమీ తినకుండా వస్తారు. వాన వెలిశాక కాసే ఎండ మరీ చురుక్కుమంటుంది. అలాంటి ఎండలో, మూడో అతిథి మాట్లాడుతుండగా నాలుగో తరగతి అమ్మాయి నా పక్కనే కూలిపోయింది. నీళ్లు చల్లి నీడలో కూర్చోబెడితే, కళ్లు తెరవగానే "నా పాట అయిపోయిందా టీచర్" అని అడిగింది. పది రోజులు సాధన చేసిన పాట. ఆ తరువాత ఏ ఏడూ పిల్లలకు ఉప్మా పెట్టకుండా వరుసలో నిలబెట్టలేదు.

ఇక నేను అసలు రాయాలనుకున్న సంగతి, తాడు ఎవరి చేతికి ఇవ్వాలన్నది.

పొందూరు దగ్గర పని చేస్తున్నప్పుడు ఒక ఏడు, రావలసిన అతిథి రాలేనని ముందురోజు కబురు పంపారు. నేను బడి వెనక వీధిలో నూలు వడికే ముసలమ్మను పిలుద్దామన్నాను. వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం దగ్గర నుంచి ఏకులు చేసి సన్నని నూలు తీయడం దాకా చిన్ననాటి నుంచి చేస్తున్న మనిషి. గాంధీజీ మెచ్చుకున్న పొందూరు ఖద్దరు అలాంటి వేళ్ల నుంచి వచ్చిందే. "నాకెందుకమ్మా, పెద్దవాళ్లను పిలవండి" అంది. ఒప్పించేసరికి రాత్రయింది.

పొద్దున్నే ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. తాడు అందించబోతే, ముందు జెండా అంచును రెండు వేళ్ల మధ్య పట్టి నలిపి చూసింది. "ఇది చేతి నూలు కాదమ్మా, మిల్లుది" అంది మెల్లగా. అప్పటి నియమాల ప్రకారం చేతితో వడికి, చేతితో నేసిన గుడ్డే కావాలి. మేము బజారులో దొరికిందేదో తెచ్చేశాం. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆమె ఇంకేమీ అనలేదు. తాడు లాగింది, జెండా విచ్చుకోగానే చేతులెత్తి దండం పెట్టింది. తరువాత వరండాలో చరఖా ముందు కూర్చుంటే పిల్లలందరూ చుట్టూ చేరారు. ఒకడు అడిగాడు, "దీన్ని చూస్తే తెల్లవాళ్లకు ఎందుకు కోపం?" అని. "మన గుడ్డ మనం కట్టుకుంటే వాళ్ల గుడ్డ ఎవరు కొంటారు నాయనా" అంది. నేను బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా వాడు అడగని ప్రశ్న అది.

మరుసటి ఏడు ఖాదీ జెండా కొన్నాం. అది పొందూరు గుడ్డ కాదు. ప్రమాణ ముద్ర ఉన్న ఖాదీ జెండాలు కర్ణాటకలోని హుబ్బళ్లిలో తయారవుతాయి. ముసలమ్మ పట్టి చూసి తల ఊపింది. 2021 డిసెంబరు సవరణతో పాలిస్టరుకూ మర నేతకూ అనుమతి వచ్చింది కాబట్టి, డబ్బు చాలకపోతే అదే తీసుకో, తప్పు లేదు. చాలితే మాత్రం ఖాదీదే కొను.

నీకు నౌపడ దగ్గర. 1930లో ఉప్పు సత్యాగ్రహం జరిగిన చోటు. అక్కడి మడుల్లో ఈనాటికీ ఉప్పు తీసేవాళ్లున్నారు. వాళ్లలో ఒకరిని నువ్వే వెళ్లి పిలువు, కబురు పంపితే రారు. రాగానే కుర్చీ వేయించు. మందస వైపు నుంచి వచ్చే పిల్లలుంటే గున్నమ్మ ఎవరో అడుగు. 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో, జమీందారుకు ఎదురు తిరిగిన రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపినప్పుడు ప్రాణం వదిలిన రైతు స్త్రీ. పిల్లలకు తెలియకపోతే నీ నోటి నుంచి వినాలి. మన శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది కూడా 1950 ఆగస్టు 15నే. ఇది వింటే చిన్నవాళ్లు మహా సంబరపడతారు.

మిఠాయి నీ ఇష్టం. కాగితం జెండాలు మాత్రం ఇళ్లకు పంపే ముందు లెక్కపెట్టి వెనక్కి తీసుకో. మర్నాడు అవి బురదలో కనిపిస్తే నాకు కడుపు తరుక్కుపోయేది.

సాయంత్రం సంగతి ఎవరూ చెప్పరు. 2022 నుంచి రాత్రి కూడా జెండాను ఎగరనివ్వవచ్చు, అయినా నేను పొద్దు గుంకకముందే దించేదాన్ని. ఎగురవేసేటప్పుడు చురుకుగా, దించేటప్పుడు నెమ్మదిగా. అందుకు ఇద్దరు పిల్లలను ఉంచుకో, పొద్దున వేదిక ఎక్కే అవకాశం రానివాళ్లయితే మరీ మంచిది. కాషాయం, ఆకుపచ్చ పట్టీలు తెలుపు కిందికి వెళ్లాలి. ఆపైన రెండు వైపుల నుంచీ మధ్యకు మడిస్తే చక్రం పైకి కనిపిస్తుంది. ఆ మడతను రెండు అరచేతుల మీద పెట్టుకుని బీరువా దాకా నడిచే పిల్ల దారిలో ఎవరితోనూ మాట్లాడదు. నువ్వూ పలకరించకు, వెనకాలే నడువు.

తాడు ఎవరి చేతికి ఇచ్చావో నాకు ఉత్తరం రాయి.

మీ అత్త