పార్సిల్ విప్పే చేతిని తలుచుకుని ప్యాకింగ్ ఎంచుకో

అమ్మాయీ,

పార్సిళ్లలో ప్లాస్టిక్ తగ్గించాలనుకుంటున్నానని, సప్లయర్లు పంపిన శాంపిళ్లన్నిటి మీదా ఆకు బొమ్మే ఉండడంతో ఏది నమ్మాలో తెలియడం లేదని రాశావు. ఆ బొమ్మ సంగతి పక్కన పెట్టు. దేన్ని చేతిలోకి తీసుకున్నా రెండు ప్రశ్నలు వేసుకో. ఇది సరుకును చెక్కుచెదరకుండా చేరుస్తుందా? విప్పినవాళ్లు దీన్ని ఏ బుట్టలో వేస్తారు? ఈ రెంటిలో మొదటిదే ముందు. పింగాణీ కప్పు తయారవడానికి పట్టే మట్టితో, బట్టీ మంటతో పోలిస్తే దాని చుట్టూ చుట్టే కాగితం ఏపాటిది? కప్పు పగిలిందంటే ఆ శ్రమంతా మట్టిపాలే. పైగా ఇంకో కప్పు, ఇంకో పెట్టె, ఇంకో ప్రయాణం.

ముందు పెట్టె సైజు చూడు. పర్యావరణానికి చేసే మేలులో సగం ఇక్కడే ఉంది, దీనికి కొత్త సరుకేమీ కొనక్కర్లేదు. కప్పు పిడితో కలిపి 12×9×10 సెం.మీ. ఉందనుకో. చుట్టూ నాలుగైదు సెంటీమీటర్ల మెత్తదనానికి చోటిస్తే 20×18×18 పెట్టె సరిపోతుంది. చాలా కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తులను గుణించి 5000తో భాగించి, ఛార్జీ కోసం కిలోల్లో బరువు కడతాయి. ఆ లెక్కన ఇది సుమారు 1.3 కిలోలు. అదే కప్పును అందుబాటులో ఉంది కదా అని 30×25×25 పెట్టెలో పెడితే 3.75 కిలోలు. ఆ ఖాళీ నింపడానికి కాగితం కూడా అంతకంత పడుతుంది. నువ్వు పంపే వస్తువులన్నీ కొలిచి, మూడు నాలుగు సైజుల్లో సర్దుకునేలా చూడు. ఒకే సైజు పెట్టెలో అన్నీ పంపడం సుళువే గాని, ప్రతి పార్సిల్‌లోనూ గాలిని మోయిస్తున్నట్టు లెక్క.

అట్ట విషయంలో తేలికపాటి వస్తువులకు మూడు పొరల పెట్టె చాలు. మధ్యలో ఉండే ముడతల పొరనే ఫ్లూట్ అంటారు. ఈ-ఫ్లూట్ సుమారు 1.5 మి.మీ., బి-ఫ్లూట్ 3 మి.మీ., సి-ఫ్లూట్ 4 మి.మీ. మందం ఉంటాయి. చిన్న వస్తువులకు ఈ-ఫ్లూట్, పగిలేవాటికి బి-ఫ్లూట్ తీసుకో. ఐదు పొరలు బరువైన వాటికే. పెట్టెను నిలబెట్టినప్పుడు ముడతలు కింది నుంచి పైకి నిలువుగా ఉండాలి. అడ్డంగా కోసిన పెట్టె, పైన నాలుగు పార్సిళ్లు పడేసరికి నడుం విరిగినట్టు కుంగిపోతుంది. తేమ అట్టకు పెద్ద శత్రువు. గాలిలో తేమ బాగా పెరిగితే పెట్టె బరువు మోసే బలం దాదాపు సగానికి పడిపోతుంది. అందుకే స్టాకును నేల మీద, గోడకు ఆనించి పెట్టకు. చెక్క పలకల మీద పెట్టు.

ఇక మెత్తదనం. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. కాగితాన్ని ఉండలుగా గట్టిగా నలిపి కూరితే అవి రాళ్లలా తయారై దెబ్బను నేరుగా కప్పుకు అందిస్తాయి. 70-80 జీఎస్ఎం (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు) ఉండే క్రాఫ్ట్ కాగితాన్ని, అంటే గట్టి గోధుమరంగు కాగితాన్ని, వదులుగా, పొడవుగా తాడులా నలిపి, రెండు మూడు మడతలు వేసి దిండులా చెయ్యి. ముందు కప్పు లోపలి బోలును కాగితంతో నింపు. పిడి సందులో ఒక చిన్న ముక్క దూర్చు. లాగితే తేనెపట్టులా గళ్లు తెరుచుకునేలా గాట్లు పెట్టిన తేనెపట్టు కాగితమైతే చుట్టేటప్పుడు కొద్దిగా లాగు. గళ్లు విచ్చుకుని ఒకదానికొకటి చిక్కుకుంటాయి, టేపు అక్కర్లేదు. లాగకుండా చుడితే అది మామూలు కాగితమే. పెట్టె అడుగున దిండు వేసి, కప్పును నడిమధ్య ఉంచి, నాలుగు పక్కలా పైనా నింపు. మూత వేసి ఊపి చూడు. కదిలిన చప్పుడు వస్తే తక్కువైంది. మూత ఉబ్బితే ఎక్కువైంది, ఆ ఒత్తిడి కప్పు మీదా టేపు మీదా పడుతుంది. రెండు మూడు కిలోలు దాటిన వస్తువు కింద నలిపిన కాగితం అణిగిపోతుంది కాబట్టి, అక్కడ అట్టతోనో కాగితపు గుజ్జుతోనో చేసిన అచ్చు ట్రేలు పెట్టు. పెట్టెలో ఖాళీ నింపడానికి వాడే, నీళ్లలో కరిగే గంజి గుళికలు బాగానే ఉంటాయి గాని ద్రవాలున్న సీసాల పక్కన వద్దు. ఒక్క మూత కారితే అంతా జిగురు ముద్దవుతుంది. తేమకూ పురుగులకూ కూడా అవి లోకువే.

టేపు కోసం వెనక గంజి జిగురున్న కాగితపు టేపు వాడు. తడి స్పాంజి మీదుగా లాగినప్పుడు జిగురు మెరవాలి, నీళ్లు కారకూడదు. వెంటనే అతికించి అరచేత్తో గట్టిగా రుద్దు. నడిమి కీలు మీద ఒకే పట్టీ, రెండు చివరలా 5-7 సెం.మీ. కిందికి మడిచి అంటిస్తే చాలు. ఆరాక ఒక మూల పీకి చూడు, అట్ట పీచు కూడా లేచి రావాలి. శుభ్రంగా ఊడి వచ్చిందంటే నీళ్లు ఎక్కువో తక్కువో అయ్యాయి, లేదా అట్ట మీద దుమ్ముంది. లోపల గాజు దారాలున్న రకం బరువైన పెట్టెలకే ఉంచుకో.

కంపోస్ట్ అవుతుందనే సంచుల దగ్గర చాలా జాగ్రత్తగా ఉండు. ‘బయోడిగ్రేడబుల్’ అన్న ఒక్క మాటకు అర్థమే లేదు. ఎక్కడ, ఎన్నాళ్లలో అని అడుగు. కంపోస్ట్ అయ్యే ప్యాకింగ్‌కు యూరప్ పెట్టిన ఈఎన్ 13432 ప్రమాణం ప్రకారం 12 వారాల్లో 90 శాతం ముక్కలు 2 మి.మీ. కన్నా చిన్నవవ్వాలి, 6 నెలల్లో 90 శాతం జీర్ణమవ్వాలి. అదీ 58 డిగ్రీల దాకా వేడెక్కే పారిశ్రామిక కంపోస్టు లెక్క. మొక్కజొన్న పిండి నుంచి చేసే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ ఇంటి పెరటి గుంతలో ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది. మామూలు ప్లాస్టిక్ రీసైక్లింగ్‌లో కలిస్తే దాన్నీ చెడగొడుతుంది. నీ కస్టమర్ల ఊళ్లలో అలాంటి కంపోస్టు ఏర్పాటు లేకపోతే ఆ సంచికి ఎక్కువ ఇచ్చి కొనడం దండగ. ‘ఆక్సో-డిగ్రేడబుల్’ ప్లాస్టిక్ అయితే ముట్టుకోకు. అది చిన్న ముక్కలుగా విడిపోవడమే తప్ప మాయమవదు. యూరోపియన్ యూనియన్ దాన్ని 2021లో నిషేధించింది.

ఇంకో మోసం, పైకి కాగితంలా కనిపించే సంచి. శాంపిల్ ముక్క చింపు. అంచున పల్చటి పొర సాగుతూ వస్తే లోపల ప్లాస్టిక్ ఉన్నట్టే. అనుమానం తీరకపోతే రాత్రంతా నీళ్లలో నానబెట్టి పొద్దున వేళ్లతో నలుపు. కాగితం గుజ్జయ్యాక చేతిలో పొర మిగిలితే దాన్ని మామూలు కాగితపు మిల్లు తీసుకోదు. లోపల బబుల్ అంటించిన కాగితపు కవర్లదీ ఇదే గతి.

బట్టలకు పెట్టె అవసరమే లేదు, మందపాటి కాగితపు కవరు చాలు. వర్షాకాలంలో దూరం పంపాల్సి వస్తే, రీసైకిల్ చేసిన పాలిథిన్‌తో చేసిన పల్చటి కవరు వాడినా తప్పు లేదని నా అభిప్రాయం. ప్లాస్టిక్ పూసిన కాగితం కన్నా అదే నిజాయితీ గల సరుకు. జిగురు పట్టీలు రెండున్నది తీసుకుంటే వాపసు పంపేవాళ్లకూ అదే కవరు పనికొస్తుంది.

సప్లయర్‌ను రీసైకిల్ కాగితం ఎంత శాతమని అడిగి ఊరుకోకు. అందులో జనం వాడి పారేసినది ఎంత, మిల్లు కత్తిరింపుల తుక్కు ఎంత అని విడివిడిగా అడుగు. అడవులను బాధ్యతగా చూసుకుంటూ తీసిన కలపకు గుర్తుగా ఇచ్చే ఎఫ్ఎస్‌సీ (ఫారెస్ట్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్) ముద్ర ఉంటే దాని పక్కన లైసెన్స్ నంబరు ఉండాలి, ఆ సంస్థ జాబితాలో వెతికి చూడు. పెట్టె మీద అచ్చు ఒకే రంగులో ఉంటే చాలు. లోపలి మూత మీద మాత్రం ఒక్క వాక్యం వేయించు: ‘టేపుతో సహా కాగితాల బుట్టలో వేయండి.’

పెద్ద ఆర్డర్ ఇచ్చే ముందు పడేసి పరీక్షించు. తొమ్మిది కిలోల లోపు పార్సిల్‌ను 76 సెం.మీ. ఎత్తు నుంచి పదిసార్లు వదులు. ముందు అడుగు మూల ఒకసారి, ఆ మూలలో కలిసే మూడు అంచులు, తర్వాత ఆరు ముఖాలు. లోపలి వస్తువుతో పాటు కాగితం ఎటు జరిగిందో కూడా చూడు. జరిగిన వైపే తర్వాత పగులుతుంది.

మార్పులన్నీ ఒకేసారి చేయకు. ముందు పెట్టె సైజు, ఆ తర్వాత టేపు, ఆ తర్వాత లోపలి కాగితం. ఒక్కో మార్పు తర్వాత వంద పార్సిళ్లకు ఎన్ని దెబ్బతిన్నాయో రాసి పెట్టుకో. నీ దగ్గర మిగిలిన బబుల్ ర్యాప్, ప్లాస్టిక్ టేపు బయట పారేయకు. అవి అయిపోయేదాకా వాడుకుని, ఆ తర్వాతే కొత్తవి తెప్పించు.

ఆశీస్సులతో,
మీ బాబాయి