అద్దె చౌక, కాగితాలు బోలెడు: చైనా పారిశ్రామిక నగరాల్లో కాపురంపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ల్యావోనింగ్ ప్రావిన్స్‌లో ఉక్కు నగరం ఆన్‌షాన్‌లో ఉద్యోగం వచ్చింది. ఉద్యోగానికి ఇచ్చే జెడ్ వీసా చేతిలో ఉంది. అద్దెలు తక్కువంటున్నారు కాబట్టి దిగీ దిగగానే ఇల్లు తీసుకుందామనుకుంటున్నాను. ముందు ఏ పని చూసుకోవాలి?

జవాబు: ఇంటికి తొందరపడకండి. విదేశీయులు హోటల్లో కాక మరెక్కడ బస చేసినా, చేరిన 24 గంటల్లో ఆ ప్రాంతపు పోలీస్ ఠాణాలో పేరు నమోదు చేయించుకోవాలి. ఆ ఠాణాను అక్కడ పైచూసువో అంటారు. నమోదు చేయించకపోతే హెచ్చరికతో పాటు 2,000 యువాన్ల దాకా జరిమానా పడవచ్చు. హోటల్లో దిగితే ఆ నమోదు హోటల్ వాళ్లే చేసేస్తారు. అందుకని మొదటి నాలుగైదు రోజులు హోటల్లో ఉండి, ఇళ్లు కళ్లారా చూశాకే ఒప్పందం రాసుకోండి.

ఇల్లు నచ్చితే అద్దె బేరం కంటే ముందు ఓనరును ఒక మాట అడగాలి: నమోదు కోసం ఇంటి దస్తావేజు, తన గుర్తింపు కార్డు నకళ్లు ఇస్తారా, అవసరమైతే ఠాణా దాకా వస్తారా అని. నీళ్లు నమిలితే ఆ ఇల్లు వదిలేయండి, అద్దె ఎంత తక్కువైనా సరే. విదేశీయులు అరుదుగా కనిపించే ఊళ్లలో ఠాణా సిబ్బందికే ఈ పని కొత్త కావచ్చు. ఓనరు పక్కన ఉంటే ఒక్కసారితో తేలిపోయేది, లేకపోతే మూడుసార్లు తిరగాల్సి వస్తుంది. ఒక నెల అడ్వాన్సు, మూడు నెలల అద్దె ముందే కట్టడం అక్కడ మామూలు. అంటే మొదటిరోజే నాలుగు నెలల డబ్బు, దానిపైన బ్రోకరు రుసుము సిద్ధంగా ఉండాలి.

దేశంలో అడుగుపెట్టిన 30 రోజుల్లోగా రెసిడెన్స్ పర్మిట్‌కు దరఖాస్తు చేయాలి. ఠాణాలో ఇచ్చిన నమోదు చీటీ దానికి కావాలి, పారేసుకోవద్దు. చాలామంది చిక్కుపడేది ఇక్కడే: దరఖాస్తు చేసినప్పుడు మీ పాస్‌పోర్టును అధికారులు తమ దగ్గరే ఉంచుకుంటారు. నిర్ణయానికి చట్టం ఇచ్చిన గడువు 15 రోజులు. మీ చేతికొచ్చే రసీదు దేశంలో ఉండటానికి చెల్లుతుంది గానీ, దాన్ని చూసి బ్యాంకులు ఖాతా తెరవడం, దుకాణాలు సిమ్ ఇవ్వడం కష్టం. కాబట్టి సిమ్, వీలైతే బ్యాంకు ఖాతా, చేతి ఖర్చుకు నగదు, ఇవన్నీ పాస్‌పోర్టు అప్పగించక ముందే చూసుకోండి.

భార్యాపిల్లలను తర్వాత పిలిపించుకునే ఆలోచన ఉంటే పెళ్లి, పుట్టుక ధ్రువపత్రాల పని బయలుదేరకముందే పూర్తి చేయండి. 2023 నవంబరు 7 నుంచి చైనాలో అపోస్టిల్ (ఒక దేశపు పత్రాన్ని మరో దేశం నేరుగా ఒప్పుకునేలా చేసే ధ్రువీకరణ) అమల్లోకి వచ్చినా, భారత్, చైనాల మధ్య అది వర్తించదు. చైనా దౌత్య కార్యాలయం ధ్రువీకరణ పాత పద్ధతిలోనే వేయించుకోవాలి.

ప్రశ్న: బ్యాంకులో ఖాతా ఇచ్చారు, సిమ్ ఇచ్చారు. కానీ చెల్లింపు యాప్ అలీపేలో బ్యాంకు కార్డు కలపబోతే పేరు సరిపోలడం లేదంటోంది. నా పేరులో తప్పేమీ లేదు. ఎందుకిలా?

జవాబు: మన పేర్లకు తరచూ వచ్చే తిప్పలే ఇది. బ్యాంకు, ఫోన్ కంపెనీ, చెల్లింపు యాప్ మీ పేరును అక్షరం అక్షరం పోల్చి చూస్తాయి. బ్యాంకు గుమాస్తా ఇంటిపేరు ముందు వేసి మధ్య ఖాళీ ఉంచి ఉంటాడు. సిమ్ దుకాణంలో సొంత పేరు ముందు వేసి అన్నీ కలిపేసి ఉంటారు. మనిషి కంటికి రెండూ ఒకటే, కంప్యూటరుకు ఇద్దరు వేర్వేరు మనుషులు. పేరు పొడవైతే చివరి అక్షరాలు తెగిపోవచ్చు కూడా. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లకు ఇంకా కష్టం, ఒక్కో గుమాస్తా ఒక్కోలా పూరిస్తాడు.

ముందు బ్యాంకుకు వెళ్లి, తమ కంప్యూటరులో మీ పేరు ఎలా ఉందో అచ్చు వేయించి తీసుకోండి. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున యంత్రం చదివే రెండు వరుసలు ఉంటాయి. ఏ పేరు ముందుంది, అక్షరాలు సరిగా ఉన్నాయా అన్నది వాటితో పోల్చి చూసుకోండి. తేడా ఉంటే అక్కడికక్కడే దిద్దించండి. తర్వాత ఆ కాగితంతో ఫోన్ కంపెనీ సొంత కార్యాలయానికి వెళ్లి అచ్చం అలాగే మార్పించండి. వీధి చివరి ఏజెంటు దగ్గర ఈ పని జరగదు. ఖాతాకు ఇచ్చిన నంబరూ ఈ సిమ్ నంబరూ ఒకటేనా అన్నదీ చూసుకోండి. చివరగా యాప్‌లో పెద్ద అక్షరాలు, ఖాళీలతో సహా అదే రూపంలో కొట్టండి.

అంతవరకు మీ దేశపు బ్యాంకు ఇచ్చిన వీసా కార్డును లేదా మాస్టర్‌కార్డును యాప్‌కు కలుపుకొని రోజులు గడపవచ్చు. ఒక్కో చెల్లింపు 200 యువాన్లు దాటితే 3 శాతం రుసుము పడుతుంది. ఆ కార్డుతో దుకాణాల్లో కొనవచ్చు గానీ స్నేహితుడికి డబ్బు పంపడం కుదరదు.

ప్రశ్న: హెగాంగ్‌లో ఇళ్లు కారు ధరకే వస్తాయట. ఒకటి కొనుక్కొని, ఇంటి నుంచే ఆన్‌లైన్ పని చేసుకుంటూ ఉండిపోవచ్చా?

జవాబు: ఉండిపోలేరు. ఇల్లు కొన్నంత మాత్రాన వీసా గానీ నివాస అనుమతి గానీ రాదు. పైగా చైనాలో ఉద్యోగమో చదువో ఉన్న విదేశీయులే తమ సొంత వాడకానికి ఇల్లు కొనగలరు. ఆన్‌లైన్ పనివాళ్ల కోసం ప్రత్యేక వీసా లేదు. హెగాంగ్ రష్యా సరిహద్దుకు దగ్గరలోని బొగ్గు ఊరు. గనులు తగ్గి జనం వెళ్లిపోవడం వల్ల ధరలు పడ్డాయి. మరీ చౌకగా చెప్పే ఫ్లాట్లలో చాలావరకు లిఫ్టు లేని పై అంతస్తులవే.

ప్రశ్న: చైనా ఈశాన్యంలో ఇది నాకు మొదటి చలికాలం. పాత భవనం, ఆరో అంతస్తు. హీటింగ్ గురించి ఏం తెలుసుకోవాలి?

జవాబు: ల్యావోనింగ్‌లో సాధారణంగా నవంబరు 1 నుంచి మార్చి 31 వరకు ఊరంతటికీ ఒకేచోట కాచిన వేడినీరు పైపుల్లో వస్తుంది. హెగాంగ్ ఉన్న హేలాంగ్‌జియాంగ్ ప్రావిన్స్‌లో దాదాపు ఆరు నెలలు. రుసుము సీజను మొత్తానికి, ఇంటి చదరపు మీటర్ల లెక్కన. అద్దె చౌకగా కనిపించే ఇంట్లో ఈ రుసుము అద్దెదారు మీదే వేసి ఉండవచ్చు. ఎవరు కట్టాలో ఒప్పందంలో రాయించండి, నిరుటి రసీదు చూపించమనండి. పాత బాకీ ఉంటే మీ వాల్వు తెరవరు.

సీజనుకు ముందు పైపుల్లో నీళ్లు నింపి ఒత్తిడి పరీక్ష చేస్తారు. మెట్ల దగ్గర నోటీసు అంటిస్తారు. ఆ రోజు ఇంట్లో ఉండి తీరాలి, ఎందుకంటే పాత రేడియేటర్ల కీళ్లు కారేది అప్పుడే. కింది ఇంట్లోకి నీరు దిగితే నష్టం మీ నెత్తిన పడుతుంది.

వేడి మొదలయ్యాక రేడియేటరు అడుగు వెచ్చగా, పైభాగం చల్లగా ఉంటే లోపల గాలి చిక్కిందన్నమాట. పై అంతస్తుల్లో ఇది మరీ ఎక్కువ. పక్కనుండే చిన్న మరను పావు తిప్పు వదులు చేసి, కింద గిన్నె పెట్టండి. బుస్సుమనే చప్పుడు ఆగి నీరు ధారగా రాగానే బిగించేయండి. మరను పూర్తిగా ఊడదీయవద్దు, వేడినీరు చిమ్మితే ఆపలేరు. అన్ని రేడియేటర్లూ చల్లగా ఉంటే ఇంట్లోకి వచ్చే పైపు మీది జల్లెడ పూడిందేమో, హీటింగ్ కంపెనీని పిలవండి. రేడియేటరు నీటిని బట్టలుతకడానికి పట్టుకోవద్దు, అందులో రసాయనాలు కలుపుతారు. గదిలో 18 డిగ్రీలు ఉండాలన్నది మామూలు ప్రమాణం. అంతకు తగ్గితే కంపెనీ వాళ్లను పిలిచి కొలిపించండి, వాళ్లు కదలకపోతే నగర పాలన ఫిర్యాదుల నంబరు 12345కు ఫోన్ చేయండి.

పొయ్యి ఉన్నట్టుండి వెలగకపోతే గ్యాస్ అయిపోయిందని కంగారుపడకండి. కార్డుతో నడిచే మీటర్లలో పెన్సిల్ సెల్స్ ఉంటాయి. అవి నీరసిస్తే కార్డులో డబ్బున్నా వాల్వు మూసుకుంటుంది. ఆల్కలైన్ సెల్స్ వేసి, కార్డు మళ్లీ పెట్టి చూడండి.

ప్రశ్న: పాస్‌పోర్టు కొత్తది వచ్చింది. చైనాలో ఎక్కడెక్కడ మార్పించాలి?

జవాబు: మొదట రెసిడెన్స్ పర్మిట్. వివరాలు మారిన 10 రోజుల్లో దరఖాస్తు చేయాలి. సందేహాలకు ఇమిగ్రేషన్ వారి 12367 నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఇంగ్లిష్‌లోనూ మాట్లాడతారు. ఆ తర్వాత వర్క్ పర్మిట్, బ్యాంకు, సిమ్, ఆదాయపు పన్ను యాప్, సామాజిక బీమా. బ్యాంకును మాత్రం వాయిదా వేయవద్దు. పాత పాస్‌పోర్టు గడువు తీరిన రోజున ఖాతాలో లావాదేవీలు ఆగిపోవచ్చు, జీతం పడినా తీయలేరు. ప్రతి కౌంటరుకూ రద్దయిన పాత పాస్‌పోర్టును వెంట తీసుకెళ్లండి. రెండు నంబర్లూ ఒకే మనిషివని చూపడానికి అదే ఆధారం.