కొత్తగా తెచ్చిన కప్ప వారానికే చనిపోయింది. చర్మం పొరలుగా ఊడింది, కాళ్లు చాచి కదలకుండా పడి ఉండేది. మిగతా కప్పలకూ అంటుకుంటుందా?

అంటుకునే ప్రమాదం ఉంది. ముందు ఒక మాట, మీ తప్పేనని కుమిలిపోకండి. జబ్బు దానితోపాటే వచ్చి ఉండొచ్చు.

చర్మం పొరలుగా ఊడటం, కాళ్లు చాచి కదలకుండా పడి ఉండటం అన్నారు కదా, కప్పల చర్మానికి పట్టే కైట్రిడ్ ఫంగస్‌లో ఇలాగే ఉంటుంది. కప్ప నీళ్లు తాగేది నోటితో కాదు, చర్మంతో. లవణాల సమతుల్యం కూడా దాని మీదే ఆధారపడుతుంది. ఆ చర్మం దెబ్బతింటే ఒంట్లో సోడియం, పొటాషియం పడిపోయి చివరికి గుండె ఆగిపోతుంది. పాపం, పైకి గాయమే కనిపించదు.

కప్పలకు సోకే రానావైరస్ అనే మరో జబ్బు కూడా కావచ్చు, కాబట్టి పశువుల డాక్టరు దగ్గర స్వాబ్ (దూదిపుల్లతో నమూనా తీసే) పరీక్ష చేయించండి. కైట్రిడ్ అని తేలితే మందుంది. అప్పటిదాకా మిగతావాటిని విడివిడిగా ఉంచి, ఒక్కోదానికి కొత్త గ్లవ్స్ వాడండి. తొట్టెలో నీళ్లను మాత్రం బ్లీచ్ కలపకుండా పారబోయకండి, జబ్బు అంటుకుని బయటి కప్పలూ చచ్చిపోవచ్చు.