ల్యాబ్ ఖర్చు చూసి షేరు కొనొచ్చా?

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మావారిది మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం. "అమ్మకాల్లో 9 శాతం ఆర్ అండ్ డీకే (పరిశోధన, అభివృద్ధికి) పెడుతున్నారు, షేరు పెరక్క ఏమవుతుంది" అంటూ, వచ్చే ఏడాది ఫ్లాట్ డౌన్ పేమెంట్‌కి దాచిన 8 లక్షలూ అందులోనే పెడదామంటున్నారు. పెట్టమంటారా?

జవాబు: వద్దమ్మా. కంపెనీ మంచిది కాదని కాదు. మీవారు చెప్పింది పోసిన ఎరువు లెక్క, పంట లెక్క కాదు.

పైగా ఆ ఎరువు లెక్కలోనూ ఓ మెలిక ఉంది. కంపెనీలు లెక్కలు రాసే ప్రమాణాల్లో ఒకటైన ఇండ్ ఏఎస్ 38 ప్రకారం పరిశోధన దశలో పెట్టిందంతా ఆ ఏడాది ఖర్చే. డెవలప్‌మెంట్ దశకొచ్చాక, సరుకు తయారవుతుంది, డబ్బు తెస్తుంది లాంటి షరతులన్నీ కుదిరితే ఆస్తిగా రాస్తారు. ఏ దశ ఎక్కడ ముగిసిందో తేల్చేది యాజమాన్యమే. రెండు కంపెనీలు చెరో 90 కోట్లు పెట్టాయనుకోండి. ఒకటి మొత్తం ఖర్చు రాసింది, రెండోది 50 కోట్లు ఆస్తుల్లో వేసింది. జేబులోంచి పోయింది సమానమే అయినా, పన్నుకు ముందు లాభం రెండోదానికి 50 కోట్లు ఎక్కువ కనిపిస్తుంది.

వార్షిక నివేదికలో ల్యాబ్‌లో తెల్లకోటు వేసుకున్నవాళ్ల ఫొటోలు వదిలేసి వెనక నోట్స్ తిప్పండి, నేను మొదట చూసేది అక్కడే. 'ఇన్‌టాంజిబుల్ అసెట్స్ అండర్ డెవలప్‌మెంట్' అని ఉంటుంది, అంటే ఆస్తిగా రాసినా ఇంకా పూర్తికాని ప్రాజెక్టులు. 2021 ఏప్రిల్ నుంచి దానికి వయసుల పట్టిక కూడా ఇవ్వాలి: ఏడాదిలోపు, 1-2, 2-3, మూడేళ్లు దాటినవి. ఆగిపోయిన ప్రాజెక్టులకు వేరే వరుస. మందులకు ఏళ్లు పట్టడం మామూలే కానీ, ఆఖరి గడి ఏటేటా బరువెక్కుతూ, కొత్త మందుల అమ్మకాలు కదలకపోతే నాకు అనుమానమే. కొత్త ఉత్పత్తుల వాటా ఎంతో కంపెనీ చెబితే ఐదేళ్ల నివేదికలు పక్కపక్కన పెట్టి చూడండి. ఈ ఏటి ఖర్చుకు ఈ ఏటి అమ్మకాలతో పోలిక పెట్టకండి, ఫలితం వచ్చేది ఎప్పుడో.

ఇంకోటి, మీవారితో గట్టిగా చెప్పండి. లిస్టయిన కంపెనీలో, బయటికి రాని ల్యాబ్ ఫలితం తెలిసి షేరు కొంటే షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2015 ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనల కింద తప్పు. మీ పేరున కొన్నా తప్పించుకోలేరు.

జీతం వచ్చేదీ అక్కడి నుంచే, దాచుకున్నదీ అక్కడేనా? 8 లక్షలు ఎఫ్‌డీలో వేయండి. మోజు తీరకపోతే వచ్చే బోనస్‌లోంచి ఓ 40 వేలు పెట్టుకోమనండి, అదీ ఆఫీసులో ఈ నిబంధనలు చూసే కంప్లయన్స్ వాళ్లని అడిగాక.