చొక్కా చేతుల్లో మిగిలిన వంపు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. 'పదచిత్రాలు ఇంకా ఎక్కువ పెట్టమంటారా?' అని అడిగావు. వద్దమ్మా. ఉన్నవాటిలోనే సగం తీసెయ్యాలి. పదచిత్రం అంటే మాటలతో కట్టే బొమ్మే కదా, ఎందుకో చెప్పాలంటే అసలు బొమ్మ అంటే ఏమిటో ముందు మాట్లాడుకోవాలి.

వస్తువు ఒకచోట ఉండి, దాని రూపం ఇంకోచోట మనకు అందితే అది బొమ్మ. దీనికి మనకు ఎన్ని మాటలున్నాయో చూడు: ప్రతిబింబం, నీడ, అచ్చు, ప్రతిమ, చిత్తరువు. కనుపాప అనే మాటలో కూడా ఒక బొమ్మ ఉంది. ఎదుటి మనిషి కంట్లోకి బాగా దగ్గరగా చూస్తే మన రూపమే చిన్న పాపలా కనిపిస్తుంది. ఆ మాట పుట్టించినవాళ్లు అంత దగ్గరగా చూసే ఉంటారని నా నమ్మకం.

ఒక పని చెయ్యి. ఆవిరి పట్టిన అద్దం ముందు నిలబడి, ఒక కన్ను మూసుకుని, తల కదపకుండా నీ ముఖం అంచు వెంబడి వేలితో గీత గియ్యి. తర్వాత కొలిచి చూడు. ఆ గీత పొడవు, వెడల్పు నీ ముఖంలో సరిగ్గా సగమే ఉంటాయి. దూరం జరిగి మళ్లీ గీసినా సగమే. మొదటిసారి నేను నమ్మలేక స్కేలు తెచ్చుకున్నాను. ఇన్నేళ్లుగా రోజూ చూసుకుంటున్న ముఖమే కదా, ఎందుకు గమనించలేదు? అద్దం మీద ఉన్నదాన్ని కాక, నాకు ముందే తెలిసినదాన్ని చూస్తున్నాను కాబట్టి. మొదటి పేజీలో నువ్వు 'చంద్రబింబం లాంటి ముఖం' అని రాసినప్పుడు జరిగింది ఇదే. ఆ అమ్మాయిని చూసి రాయలేదు, నోటికొచ్చిన మాట రాశావు.

ఇక రైల్వే స్టేషన్ సీను. 1838లో, ఫొటోగ్రఫీకి తొలిరోజుల్లో దారి వేసిన దగేర్ పారిస్‌లో ఒక రద్దీ వీధిని పైనుంచి ఫొటో తీశాడు. అప్పట్లో కెమెరాలోని ప్లేటు మీద బొమ్మ పడటానికి కొన్ని నిమిషాలు పట్టేది. దాంతో కదులుతున్న బండ్లు, నడిచే జనం ఏదీ పడలేదు, వీధి నిర్మానుష్యంగా కనిపిస్తుంది. ఓ మూల ఒకాయన మాత్రం బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డాడు, అందుకే మిగిలాడు. ఎవరో తెలియని ఆ మనిషిని చూడాలని నేను ఆ ఫొటోని మళ్లీ మళ్లీ బయటికి తీస్తుంటాను. నీ ప్లాట్‌ఫారం మీద ఒకే పేరాలో పధ్నాలుగు వస్తువులు పరిగెత్తాయి. పుస్తకం మూశాక నాకు ఒక్కటీ గుర్తులేదు. ఎవరో ఒకరిని కాసేపు నిలబెట్టు.

బొమ్మ అంటే ఎప్పుడూ పైరూపమే అనుకోకు. 1895లో, ఎక్స్‌రేలు కనిపెట్టిన రాంట్‌జెన్ తన భార్య చేతిని ఎక్స్‌రే తీస్తే ఎముకలు, వేలికి ఉంగరం కనిపించాయి. ఎముకలు ఎవరివైనా దాదాపు ఒకేలా ఉంటాయి. ఆ చెయ్యి ఫలానా మనిషిదని చెప్పింది ఉంగరమే. నీ పాత్రల బాధలు కూడా ఎవరికైనా ఉండేవే, వాటి మీద ఉంగరం ఏదో వెతుక్కో.

పదచిత్రం కంటికే పరిమితం కాదు. మనసులో ఏ బొమ్మా చూడలేని మనుషులు ఉన్నారు. ఆ స్థితికి 2015లో ఎఫాంటేసియా అని పేరు పెట్టారు. వాళ్లలో కథలు ఇష్టంగా చదివేవాళ్లూ, రాసేవాళ్లూ ఉన్నారు. గొళ్లెం తీసిన చప్పుడు, తడిగుడ్డ వాసన, చల్లటి గచ్చు పాదానికి తగలడం, ఇవన్నీ పదచిత్రాలే. ఉపమ, రూపకం గురించి నీకు తెలుసు, వాటి జోలికి పోను. ప్రతీకని మాత్రం కావాలని పెట్టకు. ఒక వస్తువు కథకు మళ్లీ మళ్లీ అవసరమైతే అదే ప్రతీక అవుతుంది.

ఆరో పేజీలో ఆ వస్తువు నీకు దొరికింది. తండ్రి పోయిన నెలకి, తలుపు వెనక కొక్కేనికి ఆయన చొక్కా. 'చేతులు మోచేతుల దగ్గర ఇంకా వంగే ఉన్నాయి' అన్నావు. అది పోలిక కాదు, అచ్చు. వేల ఏళ్ల కిందట ఎవరో గుహ గోడకి చెయ్యి ఆనించి, చుట్టూ రంగు ఊదిన ముద్రలు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ కనిపించేది రంగు పడని చోటు, చెయ్యి ఉండి వెళ్లిన చోటు. నీ చొక్కా దగ్గర నాకు గొంతు పట్టేసింది.

కానీ వెంటనే 'అది జ్ఞాపకాల సముద్రంలా ఉంది' అని రాశావు. ఆ వాక్యం కొట్టెయ్యి, దాని తర్వాతదీ కొట్టెయ్యి. చొక్కాని అలాగే వదిలేసి, ఆ అమ్మాయి తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయే చోటికి నేరుగా వెళ్లు. సవరించి పంపు, వారంలోపు చదివి రాస్తాను.