సీ లైబ్రరీకి అర్రే పంపేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

పైథాన్ నుంచి వేరేవాళ్లు సీ భాషలో రాసిన లైబ్రరీని (సిద్ధంగా ఉన్న ఫంక్షన్ల కూర్పును) పిలుస్తుంటే ఒకసారి సరైన జవాబు, మరోసారి అర్థంలేని అంకెలు వస్తున్నాయని రాశావు. లైబ్రరీని అనుమానించే ముందు దాని చేతికి నువ్వు ఏమి ఇస్తున్నావో చూడు.

పైథాన్ లిస్టులో వరుసగా ఉండేవి అంకెలు కావు, ఎక్కడెక్కడో ఉన్న వస్తువుల చిరునామాలు. సీ ఫంక్షన్‌కు అంకెలే పక్కపక్కన ఉన్న మెమరీ కావాలి. అందుకు నంపై (పైథాన్‌లో అంకెల లెక్కలకు వాడే లైబ్రరీ) ఇచ్చే అర్రే, అంటే ఒకే రకం అంకెల వరుస, సరిపోతుంది. అయినా సీ వైపు చేరేది మొదటి బైటు చిరునామా ఒక్కటే. రకం, పొడవు, అమరిక దాని వెంట వెళ్లవు. ఆ బాధ్యత నీదే.

నంపై దశాంశ సంఖ్యలను మామూలుగా ఫ్లోట్64లో, 8 బైట్ల చొప్పున ఉంచుతుంది. లైబ్రరీ ఫ్లోట్ పాయింటర్ (సీలోని చిన్న దశాంశ సంఖ్యల చిరునామా) అడిగితే 4 బైట్ల చొప్పున చదువుతుంది. ఎర్రర్ రాదు, జవాబు మాత్రం తప్పుతుంది. పూర్ణాంకాలతో ఇంకా జాగ్రత్త. నంపై 2.0కు ముందు విండోస్‌లో అవి 32 బిట్లు, 64 బిట్ల లినక్స్‌లో 64 బిట్లు. డీటైప్‌ను, అంటే అర్రేలోని అంకెల రకాన్ని, ఎప్పుడూ నువ్వే రాయి.

నీ సమస్య మాత్రం అమరికలో ఉందని నా అనుమానం. మూడు నిలువు వరుసలున్న ఫ్లోట్64 పట్టిక నుంచి ఒక నిలువు వరుసను కోసి తీసుకుంటే నంపై కాపీ చేయదు. అదే మెమరీ మీద 24 బైట్ల అంగలు వేస్తుంది. స్ట్రైడ్స్ (ఒక అంకె నుంచి తర్వాతి అంకెకు ఉన్న బైట్ల దూరం) ప్రింట్ చేస్తే ఆ 24 కనిపిస్తుంది. సీకి ఈ సంగతి తెలియదు. అది 8 బైట్లకొకటి చదువుకుంటూ పక్క నిలువు వరుసల్లోని అంకెలనూ కలిపేసుకుంటుంది. పూర్తి పట్టిక పంపినప్పుడు అంతా బాగుండి, ముక్క పంపినప్పుడే చెడడానికి కారణం ఇదే.

నంపైలోని యాస్‌కంటిగ్యువస్‌అర్రే అనే ఫంక్షన్ అంకెలను పక్కపక్కన చేర్చి దీన్ని సరిచేస్తుంది. కానీ అవసరమైతే కాపీ చేస్తుందని మరవకు. లైబ్రరీ ఫలితాన్ని ఆ కాపీలో రాస్తే నీ అసలు అర్రే మారదు. ఫలితం కోసం వేరే అర్రేను నువ్వే సృష్టించి ఇవ్వు. కాపీకి ఒక పేరు కూడా పెట్టుకో. పేరు లేకపోతే, లైబ్రరీ పాయింటర్‌ను దాచుకుని తర్వాత వాడేదైతే, పైథాన్ ఈలోగా ఆ మెమరీని విడిచిపెట్టవచ్చు.

సీటైప్స్‌లో (పైథాన్ నుంచి సీ ఫంక్షన్లను పిలిచే మాడ్యూల్) ఆర్గ్‌టైప్స్, అంటే ఫంక్షన్‌కు ఇచ్చే విలువల రకాలు, రాయకుండా ఏ ఫంక్షన్‌నూ పిలవకు. అందులో అర్రే కోసం పెట్టే నంపై ఎన్‌డీపాయింటర్‌లో డీటైప్, కొలతల సంఖ్య, సీ_కంటిగ్యువస్ (అంకెలు పక్కపక్కనే ఉండాలన్న షరతు) ఇస్తే తప్పుడు అర్రే గడప దాటకముందే ఎర్రర్ వస్తుంది. రెస్‌టైప్, అంటే ఫంక్షన్ తిరిగి ఇచ్చే విలువ రకం, కూడా రాయి. రాయకపోతే వచ్చేది ఇంట్ (సాధారణంగా 32 బిట్ల పూర్ణాంకం) అని సీటైప్స్ అనుకుంటుంది, 64 బిట్ల పాయింటర్ సగానికి తెగిపోతుంది.

పరీక్షకు 1 నుంచి 6 వరకు అంకెలున్న 2×3 పట్టిక వాడు. సౌష్ఠవంగా ఉన్న చదరపు మాత్రికతో అడ్డం, నిలువు తారుమారైనా బయటపడదు. ఫోర్ట్రాన్‌లో రాసిన లైబ్రరీ అయితే అది నిలువు వరుసల క్రమంలో చదువుతుంది కాబట్టి ఈ పరీక్ష తప్పనిసరి.

లైబ్రరీ హెడర్ ఫైలులో (దాని ఫంక్షన్ల ప్రకటనలుండే ఫైలు) నువ్వు పిలిచే ఫంక్షన్ ప్రకటనను, నీ ఆర్గ్‌టైప్స్‌ను పక్కపక్కన రాసి పంపు. చూసి చెబుతాను.