తెలుగు తలకట్టుకి గోథిక్ పాళీ

ప్రశ్న: మాది కాలేజీ రాక్ బ్యాండ్. బీచ్ రోడ్డులో జరిగే మా షోకి పోస్టర్ చేస్తున్నాను. బ్యాండ్ పేరు ఇంగ్లిష్‌లో గోథిక్ ఫాంట్‌తో పెడితే ఎవరూ చదవలేకపోతున్నారు. తెలుగులో టైప్ చేస్తే ఆ స్టైలే రావట్లేదు. ఏం చేయాలి?
– ఓ ఇంజినీరింగ్ విద్యార్థి, ఎంవీపీ కాలనీ

జవాబు: మీరు పంపిన పోస్టర్ చూశాను. పేరంతా క్యాపిటల్ లెటర్స్‌లో ఉంది, చిక్కు అక్కడే. పాతకాలపు యూరప్ లేఖకుల కోణాల చేతిరాత అయిన గోథిక్‌లో క్యాపిటల్స్ మాట మొదట్లో అలంకారంగా నిలబడడానికి గీసినవి. వరసగా పేరిస్తే ముళ్లకంపలా అల్లుకుపోతాయి. మొదటి అక్షరం మాత్రం పెద్దది ఉంచి, మిగతావి చిన్నవి చేయండి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే పైరేటా వన్ కూడా ప్రయత్నించండి. గోథిక్ పొగరు పోకుండా గీతలు తగ్గించిన ఫాంట్ అది. దాన్ని పేరు వరకే వాడి, తేదీ, వేదిక, టికెట్ వివరాలు రామభద్ర లాంటి ఫాంట్‌లో ఇవ్వండి. బైక్ మీద వెళ్లేవాళ్లు ఫ్లెక్సీ వైపు చూసేది రెండు మూడు సెకన్లే.

ఇక తెలుగు సంగతి. మీ గోథిక్ ఫాంట్‌లో తెలుగు అక్షరాలే లేవు. అందుకే కంప్యూటర్ నిర్మలా యూఐ లాంటి మరో ఫాంట్‌ను తెచ్చి ఆ ఖాళీ నింపుతోంది. నన్నడిగితే చేత్తో రాయండి. గుటెన్‌బర్గ్ 1455 ప్రాంతంలో బైబిల్ అచ్చు వేయడానికి పోతపోసిన అక్షరాలు కూడా లేఖకుల చేతిరాతకు నకళ్లే. వెడల్పు పాళీని ఒకే వాలులో పట్టుకుని రాయడంతో గుండ్రటి గీత విరిగి కోణాలు తేలింది. ఈ కుటుంబంలోదే అయిన ఫ్రాక్టూర్ పేరుకి అర్థం 'విరిగినది' అనే. మన అక్షరాలేమో సున్నాలు చుట్టినట్టుంటాయి. కాలిగ్రఫీ పెన్‌ను 45 డిగ్రీల వాలులో పట్టుకుని, ప్రతి సున్నానూ ఒక్క చుట్టులో కాకుండా నాలుగు విడి గీతల్లో రాయండి. తలకట్టును వజ్రం ఆకారంలో ఒక్క పోటుతో ముగించండి. తెలుగులో గోథిక్ అందం పలికేది ఆ తలకట్టులోనే! ఒత్తులను మాత్రం ఎక్కువగా విరవకండి, పోలిక చెడితే పేరే మారిపోతుంది. తర్వాత పగటి వెలుతురులో ఫొటో తీసి, ఇంక్‌స్కేప్ అనే ఉచిత డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో 'ట్రేస్ బిట్‌మ్యాప్' చేయండి, ఫొటో గీతల బొమ్మగా మారుతుంది. ఎంత పెద్ద ఫ్లెక్సీ వేసినా అంచులు చెదరవు.

ద్వారకానగర్‌లో ప్రింటింగ్‌కి ఇచ్చేముందు ఇంగ్లిష్ పేరును కర్వ్స్‌లోకి, అంటే ఫాంట్ అవసరం లేని గీతల బొమ్మగా, మార్చడం మరవకండి. కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో కంట్రోల్, క్యూ కలిపి నొక్కితే చాలు. లేకపోతే షాపు సిస్టమ్‌లో ఆ ఫాంట్ లేక వేరే అక్షరాలు అచ్చవుతాయి. టికెట్లు అమ్ముతున్నారు కాబట్టి 'పర్సనల్ యూజ్' అని రాసి ఉన్న ఫాంట్లు వద్దు. పైరేటా వన్‌కి వ్యాపారానికీ వాడుకోనిచ్చే ఓపెన్ ఫాంట్ లైసెన్స్ ఉంది, ఆ టెన్షన్ లేదు.

ప్రశ్న: స్కూల్ సర్టిఫికెట్ల మీద హెడ్డింగ్ కోసం వర్డ్‌లో సెంచురీ గోథిక్ పెట్టాను. ముళ్లు లేవు, మెలికలు లేవు. మరి గోథిక్ అనే పేరెందుకు?
– ఓ టీచర్, గాజువాక

జవాబు: 19వ శతాబ్దంలో అమెరికాలో అచ్చు అక్షరాలు పోతపోసే ఫౌండ్రీలు చివర్లలో ముక్కులు లేని సాదా అక్షరాలను గోథిక్ అనేవి. 1991లో వచ్చిన సెంచురీ గోథిక్‌కీ ఆ అలవాటు కొద్దీ వచ్చిన పేరే. మీకు కావలసిన అక్షరాలు వర్డ్‌లో 'ఓల్డ్ ఇంగ్లిష్ టెక్స్ట్' పేరుతో ఉంటాయి, వెతకండి.